పాత బాస్ బోటుకు లైవ్‌వెల్ ప్లంబింగ్ కొత్తగా చేసుకోవడం ఎలా?

బాస్ అనే చేప వేట కోసం చేసిన, 1980లు, 90ల నాటి పదహారు, పదిహేడు అడుగుల బాస్ బోట్లు టెక్సాస్‌లో ఎక్కడ వెతికినా అమ్మకానికి కనిపిస్తాయి. కొత్తదాని ధరతో పోలిస్తే కారుచౌక. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చేపల వేట మరిగినవారు ఒడ్డు మీద నిలబడి గాలం విసిరి విసిరి విసిగి, చివరికి ఇలాంటి బోటు మీదే కన్నేస్తారు. కొనేటప్పుడు ఇంజను ఆడించి చూస్తారు, ట్రైలర్ టైర్లు చూస్తారు, నేల మెత్తబడిందేమోనని కాలితో తొక్కి చూస్తారు. పట్టిన చేపలను ప్రాణాలతో ఉంచే నీళ్ల తొట్టి, అంటే లైవ్‌వెల్ దగ్గరికొచ్చేసరికి స్విచ్ నొక్కి, పంపు గుర్రుమంటే చాలనుకుంటారు. కానీ ఆ తొట్టికి నీళ్లు తెచ్చేది బోటు అడుగున, నీటి గీతకు దిగువన పెట్టిన కన్నం. ఆ కన్నానికీ సరస్సుకూ మధ్య అడ్డుగా ఉన్నది ముప్పై ఏళ్ల నాటి ప్లాస్టిక్ ముక్క. కాబట్టి ఇది చేపలు బతకడానికి చేసే పనే అయినా, బోటు మునగకుండా చూసుకునే పని అంతకన్నా ముందుంటుంది.

అసలు ఇంత తతంగం ఎందుకన్న ప్రశ్న రావచ్చు. మన ఊళ్లలో కొరమీను తట్టలో కాసిన్ని నీళ్లుంటే చాలు, గంటల తరబడి బతుకుతుంది. అది తల పైకెత్తి గాలి పీల్చుకోగలదు. బాస్‌కు ఆ విద్య రాదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ తప్ప దానికి వేరే ఆధారం లేదు. 1972లో బాస్ పోటీల నిర్వాహకుడు రే స్కాట్ ‘మీ చేపను చంపకండి’ అనే ప్రచారం మొదలుపెట్టారు. చేపను తూకం వేశాక ప్రాణాలతో వదిలేసే పద్ధతి అప్పటి నుంచి పోటీల్లో పాతుకుపోయింది. దానితోపాటే గాలి కలిసిన నీళ్లు తిరుగుతూ ఉండే తొట్టి బాస్ బోట్లలో మామూలు సరంజామా అయింది.

ముందు బొమ్మ గీయండి

ఏదీ విప్పకముందే పాత గొట్టాలు ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తున్నాయో కాగితం మీద గీసుకోండి. ప్రతి గొట్టానికీ రెండు చివర్లా టేపు చుట్టి పేరు రాయండి. ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నా సరే, బొమ్మ మాత్రం గీయండి. ఏ గొట్టం దేని వెనక నుంచి పోయిందో ఫొటోలో తెలియదు.

చాలా పాత బోట్లలో ఏర్పాటు ఇలా ఉంటుంది. బోటు వెనక గోడ, అంటే ట్రాన్సమ్ కింది భాగంలో నీళ్లు లోపలికి రావడానికి గోడ గుండా బిగించిన గొట్టపు ముక్క, అంటే త్రూ హల్ ఫిట్టింగు ఉంటుంది. దానికి నేరుగానో, చిన్న గొట్టం ముక్కతోనో తొట్టికి నీళ్లు తోడే ఎయిరేటర్ పంపు బిగించి ఉంటుంది. అక్కడి నుంచి గొట్టం తొట్టి పైభాగానికి వెళ్లి, జల్లులా నీళ్లు చిమ్మే స్ప్రే హెడ్‌తో ముగుస్తుంది. తొట్టి అంచుకు కాస్త కింద ఓవర్‌ఫ్లో కన్నం, దాని నుంచి బోటు పక్క గోడకు మరో గొట్టం. తొట్టి అడుగున డ్రెయిన్. పాత బోట్లలో సాధారణంగా లేనివి రెండు: నీళ్లు లోపలికి వచ్చే చోట మూసే వాల్వు, తొట్టిలోని నీటినే తిప్పితిప్పి చిమ్మే రీసర్క్యులేషన్ పంపు. ఈసారి ఆ రెండూ పెట్టుకోండి.

తొట్టి కొలతలు కూడా ఇప్పుడే తీసుకోండి. పొడవు, వెడల్పు, ఓవర్‌ఫ్లో వరకు ఎత్తు అంగుళాల్లో కొలిచి, మూడింటినీ గుణించి 231తో భాగిస్తే గ్యాలన్లు వస్తాయి. 36, 16, 14 అంగుళాల తొట్టిలో దాదాపు 35 గ్యాలన్లు పడతాయి. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు కనుక తొట్టి నిండితే 290 పౌండ్ల పైచిలుకు బరువు. ఇంకో ఇద్దరు చిన్నపాటి మనుషులు ఎక్కినట్టే. బోటు మోయగల బరువు పలక మీద రాసి ఉంటుంది. మిత్రులను పిలిచే ముందు దాన్నొకసారి చూడండి.

విప్పడం, పారేయడం

గొట్టాలను పట్టి లాగకండి. ముదిరిన గొట్టం కింద ప్లాస్టిక్ ముక్క పెళుసుబారి ఉంటుంది. లాగితే అది విరుగుతుంది, ఒక్కోసారి తొట్టి గోడతో సహా ఊడి వస్తుంది. కత్తితో గొట్టాన్ని నిలువుగా చీల్చి ఒలిచేయండి.

ఇప్పుడు బోటు వెనక్కి వెళ్లి, త్రూ హల్ ఫిట్టింగు బయటికి కనిపించే గొడుగు తల మీద బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి సుద్దలాంటి తెల్లటి పొడి అంటితే ఎండ దాన్ని తినేసినట్టే. తల, మెడ కలిసే చోట వెంట్రుకంత సన్నని పగుళ్లు వలయంలా కనిపిస్తాయి. మెడ ఆ చోటనే తెగుతుంది. ఇందులో నేను మొహమాటపడను: నీటి గీత కింద ఉన్న పాత ప్లాస్టిక్ ఎంత శుభ్రంగా కనిపించినా చెత్తబుట్టలోకే. పైన, ఎండ తగలని చోట ఉన్నవి గట్టిగా ఉంటే వాడుకోవచ్చు.

బిల్జ్ అంటే నీళ్లు చేరే బోటు అడుగు భాగం. ఆ నీళ్లు తోడటానికి వాడే, లోపల మడతలు మడతలుగా ఉండే పల్చటి బిల్జ్ గొట్టం చౌక కాబట్టి పాత బోట్లలో ఎక్కువగా అదే కనిపిస్తుంది. దాని లోపలి గాడుల వల్ల నీటి జోరు తగ్గుతుంది, ఆ గాడుల్లో పొలుసులూ జిగురూ పేరుకుంటాయి. దాన్నీ పారేయండి. కొత్తగా వేసేది లోపల నున్నగా ఉండే గొట్టం కావాలి. వంపులు తక్కువైతే నూలు అల్లిక ఉన్న పీవీసీ గొట్టం, వంపులు ఎక్కువైతే తీగ చుట్టు ఉన్న మెరైన్ గొట్టం తీసుకోండి.

అన్నీ విప్పి ఉన్నప్పుడే నేల కింది ఫోమ్‌ను చేత్తో తడిమి చూడండి. 1978 జూలై తర్వాత తయారైన, 20 అడుగుల లోపు ఔట్‌బోర్డు బోట్లలో నీళ్లు నిండినా తేలేంత ఫోమ్ ఉండాలని అమెరికా నిబంధన. గొట్టానికి దారి కోసం దాన్ని ఇష్టమొచ్చినట్టు తవ్వేయకూడదు. తడిసి బరువెక్కిన ఫోమ్‌నైతే మార్చక తప్పదు. అలా మార్చేటప్పుడు గొట్టం పోయే చోట పెద్ద పీవీసీ పైపు ముక్క పరిచి, గొట్టాన్ని దాని గుండా పోనివ్వండి. మరోసారి గొట్టం మార్చాల్సివస్తే నేల పగలగొట్టక్కర్లేదు.

కన్నం, ఫిట్టింగు, వాల్వు

ఫైబర్‌గ్లాస్ బోటుకు కంచు ఫిట్టింగు గానీ, గాజు పీచు కలిపిన నైలాన్‌తో చేసే మారెలాన్ గానీ పెట్టవచ్చు. అల్యూమినియం బోటుకు మాత్రం కంచు, ఇత్తడి పెట్టకండి. రెండు లోహాలూ నీటిలో తాకి ఉంటే అల్యూమినియం కరిగిపోతుంది. దానికి మారెలాన్ మేలు. చెక్క పలకలు మార్చాల్సివచ్చినా ఇదే జాగ్రత్త. చెద పట్టకుండా రాగి లవణాలు ఎక్కించిన ప్లైవుడ్ అల్యూమినియంకు ఆనితే లోహం చిల్లులు పడుతుంది.

పాత కన్నం సరిపోకపోతే డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం, అంటే హోల్ సా తో పెద్దది చేయాలి. ఫైబర్‌గ్లాస్ అయితే బయటి నుంచి, డ్రిల్లును తొలుత రివర్సులో తిప్పుతూ మొదలుపెట్టండి. పైనున్న నున్నటి పూత, అంటే జెల్‌కోటు పెచ్చులూడకుండా గాడి పడుతుంది. తర్వాత ముందుకు తిప్పి కోయండి. కోసిన వృత్తపు అంచులో చెక్క కనిపిస్తుంది. గోరుతో గుచ్చి చూడండి. గట్టిగా, పొడిగా, లేత రంగులో ఉంటే అదృష్టం. నల్లబడి తడిగా ఊడివస్తే ట్రాన్సమ్ కుళ్లినట్టు. అప్పుడు గొట్టాల పని ఆపి ముందు దాని సంగతి చూడాలి. చెక్క బాగున్నా అలాగే వదలకండి. అంచుకు ఎపాక్సీ రెండు పూతలు పూసి ఆరనివ్వండి. పాత బోట్ల ట్రాన్సమ్‌లు కుళ్లడానికి ఇలాంటి పూత లేని కన్నాలే పెద్ద కారణం.

సీలెంట్ విషయంలో హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సిలికాన్ ట్యూబును నీటి గీత కింద వాడకండి. త్రీఎమ్ 4200 లేదా దానికి సాటి వచ్చే పాలీయురేథేన్ మెరైన్ సీలెంట్ సరిపోతుంది. 5200 కూడా మంచిదే గానీ, దానితో అతికించినదాన్ని మళ్లీ విప్పాలంటే దేవుడు దిగిరావాలి. పైగా మామూలు 5200 పూర్తిగా గట్టిపడటానికి దాదాపు వారం పడుతుంది. ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లను కొన్ని సీలెంట్లు పగిలేలా చేస్తాయి కనుక ట్యూబు మీద రాసింది చదివి వాడండి. ఫిట్టింగు తల కిందా, కన్నం అంచునా, మెడ చుట్టూ ధారాళంగా పూసి లోపలి నుంచి నట్టు బిగించండి. చుట్టూతా సమంగా సీలెంట్ ఉబికి వచ్చాక ఆపండి. ఇంకా బిగిస్తే ఉన్న సీలెంటంతా బయటికొచ్చి మధ్యలో ఏమీ మిగలదు.

వాల్వు కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. త్రూ హల్ ఫిట్టింగుల మర చుట్లు సాధారణంగా నేరుగా ఉంటాయి. ప్లంబింగ్ దుకాణంలో దొరికే బాల్ వాల్వుల మర చుట్లు లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి. రెండూ కలిసినట్టే తిరుగుతాయి, కానీ రెండు మూడు చుట్ల దగ్గర పట్టేస్తాయి. బిగిసింది కదా అనుకుంటాం. దాని మీద ఎవరైనా కాలు పెట్టినా, బరువైన డబ్బా ఒరిగినా ఆ రెండు చుట్లే ఆధారం. అమెరికా పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ సీకాక్‌కు, అంటే త్రూ హల్ మీద బిగించే వాల్వుకు పెట్టిన పరీక్ష ఏమిటంటే 500 పౌండ్ల పక్కబలాన్ని 30 సెకన్లు తట్టుకోవాలి. త్రూ హల్, వాల్వు రెండూ ఒకే తయారీదారు నుంచి జతగా తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. వాల్వు పిడి చేతికి అందే చోట ఉండాలి. బ్యాటరీ తీస్తే తప్ప అందని వాల్వు ఉన్నా లేనట్టే.

పంపు, గొట్టం, గాలి బుడగ

ఎయిరేటర్ పంపు నీటిని తనంతట తాను పైకి పీల్చుకోలేదు. అందులో నీళ్లు ముందే ఉండాలి. కాబట్టి బోటు నిలకడగా ఉన్నప్పుడు పంపు నీటి గీతకు కిందే ఉండాలి, దాని నుంచి గొట్టం తొట్టి దాకా ఎక్కడా దిగకుండా పైపైకే పోవాలి. మధ్యలో ఒక్కచోట గొట్టం జారి వంపు తిరిగినా అక్కడ గాలి చిక్కుకుంటుంది. అప్పుడు పంపు తిరుగుతున్న శబ్దం వస్తుంది, తొట్టిలో చుక్క పడదు. చాలామంది పంపు చెడిపోయిందని కొత్తది కొంటారు, దానితోనూ అదే పరిస్థితి. అడుగుకొకచోట గొట్టాన్ని క్లిప్పుతో గోడకు పట్టించండి. నీటిలోకి దిగాక గాలి చిక్కితే బోటును కాసేపు రివర్సులో నడపండి. ఎదురు నీటి ఒత్తిడికి గాలి బయటికి పోతుంది.

పంపు డబ్బా మీద గంటకు 500, 800, 1100 గ్యాలన్లని రాసి ఉంటుంది. ఎత్తూ గొట్టమూ లేకుండా, పంపు నోటి దగ్గర కొలిచిన లెక్క అది. రెండడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల గొట్టం, రెండు మలుపులు దాటాక ఎంత వస్తుందో మీరే కొలుచుకోవాలి. ఐదు గ్యాలన్ల బకెట్ స్ప్రే హెడ్ కింద పెట్టి గడియారం చూడండి. నిమిషంలో నిండితే గంటకు 300 గ్యాలన్లు. అంటే 35 గ్యాలన్ల తొట్టి ఏడు నిమిషాలకోసారి మారుతుంది. అంతకన్నా పెద్ద పంపు ఈ తొట్టికి అక్కర్లేదు. 500, 800 రకాలకు ముప్పావు అంగుళం గొట్టం సరిపోతుంది. 1100 రకానికి అంగుళం పైన ఎనిమిదో వంతు కావాలి. పెద్ద పంపుకు సన్న గొట్టం తగిలిస్తే డబ్బు దండగ.

గొట్టం కొలత అంటే లోపలి వ్యాసం, పైపు ఫిట్టింగు కొలత వేరే లెక్క. ముప్పావు అంగుళం పైపు మర బయటి కొలత అంగుళం దాటి ఉంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు పాత ముక్కలు జేబులో వేసుకెళ్లడం ఉత్తమం. గొట్టం బిగుతుగా ఉంటే చివరను వేడినీళ్లలో ముంచండి, మెత్తబడి ఎక్కుతుంది. నీటి గీత కింది ప్రతి కీలుకూ స్థలముంటే రెండు క్లాంపులు, వాటి మరలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా బిగించండి. క్లాంపులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. దుకాణంలోనే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. పట్టీకి అంటకుండా మరకు టక్కున అతుక్కుంటే, పట్టీ మంచిదే గానీ మర మామూలు ఇనుమన్నమాట. ముందు తుప్పుపట్టేది అదే.

రీసర్క్యులేషన్ పంపు తొట్టి అడుగు నుంచి నీళ్లు తీసుకుని మరో స్ప్రే హెడ్‌కు పంపుతుంది. దాని నోటికి జల్లెడ మూత తప్పనిసరి. స్ప్రే హెడ్లు రెండూ ఓవర్‌ఫ్లో కన్నానికి పైనే ఉండాలి. నీళ్లు వచ్చే నోరు తొట్టి నీటిలో మునిగి ఉంటే, పంపు ఆగి బోటు వేగం అందుకుని ట్రాన్సమ్ పైకి లేచినప్పుడు తొట్టి నీళ్లన్నీ వచ్చిన దారినే జారిపోతాయి.

బయటికి పోయే దారే పెద్దది కావాలి

ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఇక్కడే. లోపలికి వచ్చే నీటిని పంపు తోస్తుంది, బయటికి పోయే నీటికి దాని బరువే ఆధారం. అందుకే పంపుకు ముప్పావు అంగుళం గొట్టం ఉంది కదా, ఓవర్‌ఫ్లోకూ అదే వేద్దామంటే కుదరదు. తొట్టి పొంగి మూత సందుల్లోంచి నీళ్లు బిల్జ్‌లోకి దిగుతాయి. మీరు ముందు కూర్చుని గాలం వేస్తుంటే వెనక బోటు మెల్లగా బరువెక్కుతుంది. ఓవర్‌ఫ్లోకు అంగుళంన్నర గొట్టం వేయండి. ముప్పావు అంగుళంతో పోలిస్తే దాని లోపలి వైశాల్యం నాలుగు రెట్లు. రెండు పంపులు బయటి నుంచి నీళ్లు తెచ్చే ఏర్పాటైతే వెళ్లే దారిని ఆ రెండింటికీ కలిపి లెక్కేయండి.

ఈ గొట్టం తొట్టి నుంచి పక్క గోడ దాకా దిగుతూనే పోవాలి, బయటి నోరు నీటి గీతకు పైన ఉండాలి. నీటి గీత అంటే ఖాళీ బోటుది కాదు. ఇంధనం నింపి, తొట్టి నింపి, ఇద్దరు మనుషులు వెనక వైపు నిలబడినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ పెన్సిల్‌తో గీసి, దానికి పైన కన్నం పెట్టండి.

డ్రెయిన్‌కు అన్నిటికన్నా తేలికైన పద్ధతి నిలువు గొట్టం. తొట్టి అడుగు కన్నంలో ఒక ప్లాస్టిక్ గొట్టం నిలబెడితే దాని పైకొన ఓవర్‌ఫ్లోగా పనిచేస్తుంది, పీకేస్తే తొట్టి ఖాళీ అవుతుంది. ఇది పెట్టుకుంటే పైన చెప్పిన అంగుళంన్నర కొలత ఈ గొట్టానికీ వర్తిస్తుంది. తొట్టి అడుగు నీటి గీతకు కింద ఉన్న బోట్లలో మాత్రం నిలబడి ఉన్నప్పుడు ఇది పూర్తిగా ఖాళీ కాదు. వాటిలో పక్క గోడ కన్నానికి పైన చెప్పిన ఓవర్‌ఫ్లో పెట్టుకుని, డ్రెయిన్‌ను బిరడాతో మూసి ట్రైలర్ మీదకు ఎక్కించాకే తీయాలి.

కరెంటు తీగలు

తగరం పూసిన రాగి మెరైన్ తీగ వాడండి. పంపు లేబుల్ మీద ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేయమని ఉంటే అంతే వేయండి. కీళ్లన్నీ లోపల జిగురుండి వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టంతో మూసి, బిల్జ్ నీళ్లు తాకని ఎత్తులో కట్టండి. మూడు ఆంపియర్లు తీసుకునే పంపు ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగితే 24 ఆంపియర్ అవర్లు ఖర్చు. అది ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ నుంచే పోతుంటే సాయంత్రం తాళం తిప్పినప్పుడు టిక్కుటిక్కుమనే శబ్దమే మిగులుతుంది. అందుకే పంపును విడతలు విడతలుగా నడిపే టైమరు పెడతారు. ఎండాకాలంలో చేపలున్నప్పుడు మాత్రం టైమరును పక్కనపెట్టి పంపును ఆపకుండా తిరగనివ్వండి.

పరీక్ష

ఇంటి ముందే తొట్టి నింపి అరగంట వదిలేయండి. తర్వాత పొడి టిష్యూ కాగితం ఒక్కో కీలు కింద అద్ది చూడండి. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. వేలితో తడిమితే చల్లదనమో తడో తెలియక మోసపోతాం.

తర్వాత బోట్లను సరస్సులోకి దించే వాలు, అంటే ర్యాంపు దగ్గరికి. ట్రైలర్ పట్టీలు విప్పకుండానే ట్రాన్సమ్ కన్నాలు మునిగేదాకా నీటిలోకి దించి, టార్చి వేసి పది నిమిషాలు బిల్జ్ చూడండి. వాల్వు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, పంపు వేసి ఇంకోసారి. మీ వెనక వరుసలో ఉన్నవాళ్లు గొణుక్కోకుండా ఉండాలంటే వారాంతం కాకుండా మంగళవారమో బుధవారమో వెళ్లండి.

చేపలు వేశాక

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో తొమ్మిది మిల్లీగ్రాములకు పైన ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. బాస్‌కు కనీసం ఐదైనా కావాలి, పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ దాని అవసరం పెరుగుతుంది. జూలై మధ్యాహ్నం టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సు పైపొర నీళ్లనే తోడి తొట్టిలో పోస్తూ కూర్చుంటే వేడినీ లోపలికి తెచ్చినట్టే. అప్పుడు బయటి పంపు ఆపి రీసర్క్యులేషన్ మీద పెట్టి, ఐసు వేయండి. 30 గ్యాలన్ల నీటిలో ఎనిమిది పౌండ్ల ఐసు కరిగితే వేడి దాదాపు మూడు డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. కుళాయి నీళ్లతో చేసిన ఐసులో క్లోరిన్ ఉండవచ్చు కాబట్టి మూత పెట్టిన సీసాల్లోనే గడ్డకట్టించి తీసుకెళ్లండి. రెండు మూడు గంటలకోసారి సగం నీళ్లు మార్చాలి, లేకపోతే చేపల విసర్జనలోని అమ్మోనియా పేరుకుంటుంది.

ఇంటికి ప్రాణంతో తీసుకెళ్లి తాజాగా పులుసు పెట్టుకుందామని లైవ్‌వెల్ మీద ఆశ పెట్టుకున్నవారికి ఒక మాట. టెక్సాస్‌లో అది కుదరదు. 2009లో లేక్ టెక్సోమాలో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప బయటపడింది. కంటికి కనిపించని దాని పిల్లలు బోట్లలో మిగిలిన నీటితోపాటు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు చేరతాయి. 2014 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా సరస్సు వదిలే ముందు లైవ్‌వెల్, బిల్జ్, ఇంజను అన్నిటిలోని నీళ్లూ వదిలేయాలన్న నియమం వచ్చింది. పట్టిన చేపలను ఆ సరస్సు నీళ్లలో ప్రాణాలతో బోటులో తరలించడం నిషేధం. పోటీలకు ప్రత్యేక మినహాయింపులున్నాయి. తినడానికి ఉంచుకునేవాటిని ఐసు పెట్టెలో వేసుకోండి. పరిమితి, సైజు నియమాలు సరస్సును బట్టి మారతాయి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య లార్జ్‌మౌత్ బాస్‌ను ఉంచుకోకూడదు.

నీళ్లు వదిలేటప్పుడు ట్రైలర్ ముందుభాగం ఎత్తుగా ఉండే వాలులో ఆపి, డ్రెయిన్లు తీసి, పంపులను రెండు మూడు సెకన్లు మాత్రమే తిప్పండి. పొడిగా ఎక్కువసేపు తిరిగితే వాటి సీలు మాడుతుంది. చలికాలంలో పంపు గుల్లలో మిగిలిన నీళ్లు గడ్డకట్టి దాన్ని పగలగొడతాయి. టెక్సాస్‌లో అంత చలెక్కడిదని అనుకునేవారు 2021 ఫిబ్రవరిలో ఇళ్ల పైపులు ఎలా పగిలాయో గుర్తుచేసుకోవాలి. బాల్ వాల్వును పూర్తిగా మూసి ఉంచితే బంతి కన్నంలో కొద్దిగా నీరు చిక్కుకుని అదే వాల్వును చీలుస్తుంది. బోటు ట్రైలర్ మీద ఉన్నన్నాళ్లూ పిడిని సగానికి తిప్పి ఉంచండి. నీటిలోకి దించే ముందు పూర్తిగా మూసి, కీళ్లు మరోసారి చూసుకున్నాకే తెరవండి.